ఆకలికి తీరిక లేని ఇల్లు

(సూరత్‌లోని తెలుగు నేత కుటుంబాల్లో కనిపించే కష్టాన్ని ఒకే ఇంటి కథగా కూర్చిన కథనమిది. ఇంట్లో మనుషులు కల్పితం. వైద్యం, సర్వే లెక్కలు వాస్తవం.)

"నోరు తెరువు బిడ్డా... గీ ఒక్క బుక్క."

పెదాలు బిగించింది చిట్టి. నానమ్మ సెల్‌ఫోన్లో పాట పెట్టింది. పిల్ల కళ్లు అటు తిరగ్గానే తల్లి పెరుగన్నం ముద్ద నోట్లో దూర్చింది. పిల్ల మింగలేదు. ముద్దను బుగ్గన పెట్టుకుని, పాట అయిపోగానే ఉమ్మేసింది.

"కడుపుల ఏం లేకుంట ఎట్ల పంటది? సీసాల పాలు పొయ్యి" అన్నది నానమ్మ.

లింబాయత్‌లో ఒక గది, చిన్న వంటిల్లు. గోడ అవతల సాంచాల (మరమగ్గాల) చప్పుడు రాత్రీ పగలూ ఆగదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి ఏళ్ల కిందట సూరత్ చేరిన పద్మశాలీలు ఎక్కువగా ఈ చుట్టుపక్కలే స్థిరపడ్డారు. చిట్టి తండ్రిది పన్నెండు గంటల రాత్రి పాళీ. ఆయన తెల్లారి ఇంటికి వచ్చేసరికి పిల్ల నోట్లో సీసా ఉంటుంది. సాయంత్రం బయల్దేరేటప్పుడూ సీసానే ఉంటుంది.

పసుపు పట్టీ

రెండేళ్లు నిండిన వారంలో అంగన్‌వాడీలో చిట్టిని తూచారు. 8.6 కిలోలు. అంగన్‌వాడీ బెన్ (అక్క) జబ్బకు కొలత పట్టీ చుట్టింది. గుర్తు పసుపు రంగు మీద ఆగింది. ఆ పట్టీలో 11.5 సెంటీమీటర్ల లోపు ఎరుపు, అక్కడి నుంచి 12.5 దాకా పసుపు, ఆపైన ఆకుపచ్చ. "వజన్ ఓఛు ఛే" అన్నది బెన్. బరువు తక్కువని తల్లికి అర్థమైంది. ఆ తర్వాత చెప్పిన గుజరాతీ మాటలు అర్థం కాలేదు. తలూపి, చేతికిచ్చిన బాలశక్తి పోషకాహారపు పిండి పాకెట్లు పట్టుకుని ఇంటికొచ్చింది. వాటి మీద ఉన్నవీ గుజరాతీ అక్షరాలే. పాకెట్లు బియ్యం డబ్బా వెనక్కి చేరాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ఎదుగుదల ప్రమాణాల ప్రకారం రెండేళ్ల ఆడపిల్ల సగటు బరువు 11.5 కిలోలు. 9 కిలోలకు తగ్గితే తక్కువ బరువు కిందే లెక్క. చిట్టి ఒక్కతే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గుజరాత్‌లో అయిదేళ్ల లోపు పిల్లల్లో 39.7 శాతం మంది వయసుకు తగ్గ బరువు లేరు. తెలంగాణలో ఆ లెక్క 31.8 శాతం.

ఇంట్లో మాత్రం లెక్కలు కాదు, నిందలు మొదలయ్యాయి. "నువ్వు చనుబాలు తొందరగ మాన్పించినవ్" అన్నది నానమ్మ. ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది. పక్కింటి పిల్లవాడు రొట్టె మొత్తం తింటాడని రోజూ గుర్తుచేసింది. ఒక పూట ఇద్దరూ కలిసి పిల్లను ఒళ్లో అదిమిపట్టి, ముక్కు మూసి ముద్ద పెట్టారు. పొలమారి, తిన్నదీ తాగినదీ కక్కేసింది. ఆ రోజు నుంచి కంచం కనబడితే చాలు, చిట్టి మంచం కిందికి దూరేది.

బీమ్ చీటీ వెనక లెక్క

ఆశా కార్యకర్త తెలుగామె. సంగతి తెలిసి వచ్చి కూర్చుంది. "ఏం తింటలేదో చెప్పకు చెల్లె. నిన్న పొద్దున లేచినకాన్నుంచి నోట్లెకు ఏమేం పోయిందో చెప్పు" అన్నది.

సాంచాల కార్ఖానా బీమ్ చీటీ వెనక, తల్లి చెబుతుంటే ఆమె రాసింది. ఆరు గంటలకు సీసా పాలు. ఎనిమిదికి చాయ్‌లో ముంచిన బిస్కెట్లు. తొమ్మిదిన్నరకు సీసా. పదకొండుకు ఏడ్చిందని వేఫర్ల పాకెట్. పన్నెండుకు అన్నం వద్దంటే సీసా. నిద్ర లేచాక మళ్లీ సీసా, బిస్కెట్. రాత్రి రెండు సీసాలు.

"పాలల్ల నీళ్లు పోస్తున్నరా?"

"సగానికి సగం" అన్నది నానమ్మ. "చిక్కటివి అరగవు గద."

ఆశా కార్యకర్త కలం పక్కన పెట్టింది. "ఇగ పిల్లకు ఆకలి ఎప్పుడు కావాలె పెద్దమ్మా? నడుమ జాగ ఏది?"

ఆ చీటీలో ఉన్నది మొండి పిల్ల కథ కాదు. రోజంతా పొట్ట నిండుతూనే ఉంది, కానీ నీళ్లతో, మైదాతో, చక్కెరతో. ఒంటికి పట్టేది అందులో తక్కువ.

రక్తం చెప్పిన కారణం

మరునాడు నగరపాలిక ఆసుపత్రిలో పిల్లల డాక్టర్ పొడవు కొలిచాడు. పాదం మీద బొటనవేలితో నొక్కి వాపు చూశాడు. దగ్గు, జ్వరం, విరేచనాలు, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉందా అని అడిగాడు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది. ఈ వయసులో 11 ఉండాలి.

ఆయన హిందీలో చెబుతుంటే ఆశా కార్యకర్త తెలుగు చేసింది. పాలలో ఐరన్ దాదాపు లేనట్టే. పాలలోని కాల్షియం, ప్రొటీన్లు మిగతా తిండిలోని ఐరన్‌ను కూడా ఒంటికి సరిగా పట్టనివ్వవు. ఐరన్ తగ్గితే ఆకలి చస్తుంది. ఆకలి లేని పిల్లకు మళ్లీ పాలే పడతారు. గుజరాత్‌లో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 79.7 శాతం మందికి రక్తహీనత ఉందని అదే సర్వే చెబుతోంది.

"ఏడాది దాటినంక పిల్లలకు తిండి మీద ధ్యాస తగ్గుడు సహజమట" అన్నది ఆశా కార్యకర్త. మొదటి ఏడాదిలో పుట్టిన బరువుకు మూడింతలయ్యే పిల్లలు రెండో ఏడాదిలో రెండు, రెండున్నర కిలోలే పెరుగుతారు. కొత్త రుచి కనబడితే మొహం తిప్పడమూ ఆ వయసు గుణమే. దాన్ని జబ్బనుకుని సీసా అందించడంతో అసలు జబ్బు మొదలవుతుంది.

పిల్లల నోటికి ఎంత తెలుసో తేల్చడానికి అమెరికాలో క్లారా డేవిస్ అనే డాక్టర్ 1920ల్లో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. తల్లిపాలు మానిన పదిహేనుమంది పసివాళ్ల ముందు ముప్పైకి పైగా పదార్థాలు ఉంచి, ఎవరూ బతిమాలకుండా తిననిచ్చింది. ఒక్కో పూట వింతగా తిన్నా, అందరూ చక్కగా పెరిగారు. రికెట్స్ ఉన్న ఒక బాబు పక్కన కాడ్‌లివర్ నూనె పెడితే, జబ్బు నయమయ్యేదాకా తనంతట తనే తాగి ఆ తర్వాత మానేశాడు. కిటుకు ఎక్కడుందో 1939లో ఆమే చెప్పింది: పళ్లెంలో చక్కెర, మైదా లాంటివి ఆమె పెట్టనేలేదు. ఏం పెట్టాలో పెద్దలు తేల్చారు. ఎంత తినాలో పిల్లలు తేల్చుకున్నారు.

నాలుగు రోజుల రభస

డాక్టర్ చీటీలో ఉన్నది కొంచెమే. సీసా బంద్. రోజుకు రెండు గ్లాసులు, నీళ్లు కలపని పాలు, అదీ తిన్నాక. మూడు పూటలా తిండి, నడుమ రెండుసార్లు చిరుతిండి. వాటి మధ్య మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. ఐరన్ సిరప్‌ను పాలతో ఇవ్వొద్దు. మలం నల్లగా వస్తే భయపడొద్దు. అరగంటలో తిన్నంత తిననిచ్చి కంచం తీసెయ్యాలి.

మొదటి రెండు రాత్రులు చిట్టి ఏడ్పుకు వాడ లేచింది. మూడో రాత్రి నానమ్మ దాచిన సీసా బయటికి తీసింది. పాళీ లేక ఇంట్లో ఉన్న కొడుకు చూశాడు. "అమ్మా, గీ నాలుగు దినాలు ఓర్సుకో" అన్నాడు. ఆమె ఏడ్చింది, కానీ సీసా ఇచ్చేసింది.

నాలుగో పగలు అందరూ కంచాల ముందు కూర్చున్నప్పుడు చిట్టిని ఎవరూ పిలవలేదు. దానంతట అదే వచ్చి తండ్రి కంచంలో ఉడికిన గుడ్డు పచ్చసొన వేలితో గీకి నాకింది. తల్లి నోరు తెరవబోతే ఆయన కళ్లతోనే వద్దన్నాడు.

తెలంగాణ అంగన్‌వాడీలో మూడేళ్ల లోపు పిల్లలకు బాలామృతంతో పాటు గుడ్లూ ఇస్తారు. గుజరాత్ అంగన్‌వాడీలో గుడ్డు లేదు. అందుకే గుడ్డు ఈ ఇంటి ఖర్చులో కొత్తగా చేరింది, బిస్కెట్లూ వేఫర్లూ తగ్గి మిగిలిన డబ్బుతో. పప్పన్నంలో నెయ్యి, పల్లీల పొడి పడ్డాయి. డబ్బా వెనక నుంచి బాలశక్తి పాకెట్లూ బయటికొచ్చాయి. ఆ పిండిలో బెల్లం కలిపి నానమ్మ మలీద ముద్దలు చేసింది. ఆ పిండి దేనికో ఆశా కార్యకర్త తెలుగులో చెబితే చాలింది, చేయడం ఆమెకు ముందే వచ్చు.

మూడు నెలలకు చిట్టి 9.6 కిలోలు తూగింది. ఆ వయసుకు ఉండే ప్రమాదపు గీత దాటింది గానీ, గీత ఇంకా పక్కనే ఉంది. ఐరన్ సిరప్, నెలనెలా తూకం కొనసాగుతున్నాయి. కాకరకాయకు ఇప్పటికీ మొహం తిప్పుతుంది. తిప్పనిస్తున్నారు.

ప్రతి ఇంట్లోనూ ఇంత తేలిగ్గా తేలదు. ముద్ద మింగలేక ప్రతిసారీ పొలమారినా, తినే రకాలు నెలనెలా తగ్గిపోతున్నా, మాటలు రాకున్నా, పిలిస్తే పలక్కున్నా, పాదాల్లో వాపు కనబడినా ఇంటి వైద్యం పనికిరాదు. పట్టీ ఎరుపు చూపిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

సూరత్ నగరపాలిక పిల్లలకు ఏడు మాధ్యమాల్లో చదువు చెబుతోంది. అందులో తెలుగు ఒకటి. బడి వయసులో అక్షరం తల్లిభాషలో అందుతున్నప్పుడు, రెండేళ్లప్పుడు తూకం పక్కన చెప్పే నాలుగు మాటలూ తెలుగులో అందించవచ్చు. చిట్టి తల్లి అన్ని రోజులు పోగొట్టుకున్నది ఆ నాలుగు మాటలు అర్థం కాకనే.