తాళం తీసే చేయి: ఒక వృత్తివిద్య చరిత్ర

ఇంటి తలుపు పడిపోయి, తాళంచెవి లోపలే ఉండిపోయిందనుకోండి. బజారు మూల కూర్చునే తాళాలతన్ని పిలుచుకొస్తారు. అతను పది నిమిషాల్లో తలుపు తెరుస్తాడు. అప్పుడు మనకు రెండు భావాలు కలుగుతాయి. ఒకటి కృతజ్ఞత. రెండోది అనుమానం: ఇంత సులువుగా తీయగలిగినవాడు, రేపు మనం ఊళ్లో లేనప్పుడు తీయడని ఏమిటి నమ్మకం? ఈ అనుమానం మన భాషలోనే ఉంది. అసలు చెవి పోయినప్పుడు చేయించుకునేదాన్ని మారుతాళం అంటాం, దొంగతాళం అని కూడా అంటాం.

ఈ ప్రసంగంలో మన ముందున్న ప్రశ్న ఇది. తాళాల పనిలో పై మెట్టు నైపుణ్యాన్ని ఎవరు, ఎవరికి, ఎలా నేర్పాలి? నేర్చుకున్నవాణ్ణి సమాజం దేన్ని చూసి నమ్మాలి? దీన్ని జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్‌ తూర్పు భాగంలో ఉన్న బిర్సానగర్ నుంచి పరిశీలిద్దాం.

ఇనుము ఊరు, చేతిపని చదువు

1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడింది. 1911 డిసెంబరులో సాక్చి కొలిమి నుంచి మొదటిసారి ఇనుము వచ్చింది. 1912 ఫిబ్రవరిలో ఉక్కు దిమ్మ తయారైంది. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ సాక్చికి జంషెడ్‌పూర్‌ అని పేరు పెట్టాడు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి మనవాళ్లు బెంగాల్ నాగపూర్ రైల్వే వెంట ఈ ఊరికి పనికి వెళ్లారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి నేటికీ గుర్తు. 1945లో టెల్కో వచ్చింది. ఆ టెల్కో వైపున ఉన్న బిర్సానగర్‌కు, 1900 జూన్ 9న రాంచీ జైలులో కన్నుమూసిన బిర్సా ముండా పేరు పెట్టారు. తాళం ఇంటిని కాపాడుతుంది, మనిషిని బంధిస్తుంది కూడా అని ఆ పేరు మనకు గుర్తు చేస్తుంది.

మొదట్లో కర్మాగారంలో నిపుణులంతా విదేశీయులే. వారి జీతాలు ఎక్కువ. వారు వెళ్లిపోతే పని తెలిసినవాడు ఉండడు. అందుకే 1921లో జంషెడ్‌పూర్‌ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభమైంది. తరువాతి కాలంలో అదే షావక్ నానావతి టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌గా మారింది. స్వాతంత్ర్యం తరువాత 1950లో కేంద్రప్రభుత్వం ఐటీఐల శిక్షణ పథకాన్ని మొదలుపెట్టింది. 1961లో అప్రెంటిస్ చట్టం వచ్చింది. తండ్రి నుంచి కొడుకు, గురువు నుంచి శిష్యుడు నేర్చుకునే చేతిపని ఈ విధంగా తరగతి గదిలోకి వచ్చింది. దానితోపాటు ఒక ధ్రువపత్రమూ వచ్చింది.

ఫిట్టరు, తాళాల పనివాడు

ఇక్కడ ఒక ఆసక్తికరమైన విషయం గమనించండి. జర్మన్ భాషలో ఫిట్టరును ష్లోసర్ అంటారు. ఆ మాటకు అసలు అర్థం తాళాలు చేసేవాడు. రష్యన్ భాషలో ఫిట్టరును పిలిచే స్లేసర్ అనే మాట కూడా జర్మన్ నుంచి వెళ్లినదే. అంటే యంత్రాలు రాకముందు, లోహపు ముక్కలను ఒకదానిలో ఒకటి సరిగ్గా ఇమిడేలా ఆకురాయితో రాయడం ముఖ్యంగా తాళాల పనివాడి విద్య. యంత్రాలు వచ్చాక ఆ చేతులే ఫిట్టరు చేతులయ్యాయి.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2008 నాటి వృత్తుల వర్గీకరణలో తాళాల పనివాడు 7222 సంఖ్య కింద, పనిముట్లు, డైలు చేసేవారి సరసన ఉన్నాడు. ఆ పక్కవాడి విద్యకు జంషెడ్‌పూర్‌ శివార్లలో మంచి బడే ఉంది. గమ్హారియాలోని ఇండో డానిష్ టూల్ రూమ్ 1991లో ఏర్పడింది. తాళాలతను మాత్రం బజారు మూల గొడుగు కిందే ఉండిపోయాడు. నైపుణ్యం ఒకే కుటుంబానిదైనా గౌరవం ఒకేలా దక్కలేదు.

నేర్పితే ప్రమాదమా?

అనుమానానికి చరిత్రలో ఆధారం లేకపోలేదు. ఫ్రాన్స్ రాజు పదహారో లూయీకి తాళాల పని అంటే ఇష్టం. ఫ్రాన్స్వా గామేన్ అనే పనివాడి దగ్గర ఆ పని నేర్చుకున్నాడు. 1792లో రాజు రహస్య పత్రాలు దాచుకోవడానికి గోడలో ఇనుప అర అమర్చిపెట్టింది గామేనే. అదే సంవత్సరం నవంబరులో ఆ సంగతిని మంత్రి రోలాండ్‌కు చెప్పిందీ అతనే. ఆ పత్రాలు విచారణలో రాజుకు వ్యతిరేకంగా నిలిచాయి. 1793 జనవరి 21న రాజుకు మరణశిక్ష అమలైంది. ఆ అర గుట్టు బయటపడింది తాళంలోని లోపం వల్ల కాదు, దాన్ని చేసినవాడు నోరు విప్పడం వల్ల.

రెండో ఉదాహరణ 1851 నాటి లండన్ మహాప్రదర్శన. అమెరికా నుంచి వచ్చిన ఆల్‌ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్, ఎవరూ తీయలేరని పేరుపడిన చబ్ తాళాన్ని 25 నిమిషాల్లో తీశాడు. తీసినవారికి 200 గినీల బహుమతి అని బ్రామా కంపెనీ దుకాణంలో దశాబ్దాలుగా పందెం కట్టి ఉంచిన తాళాన్ని 16 రోజుల వ్యవధిలో, మొత్తం 51 గంటలు పనిచేసి తీశాడు. ఇటువంటి విద్య బయటపెడితే దొంగలకు లాభమని కొందరు భయపడ్డారు. హాబ్స్ వాదం వేరు. దొంగలకు ఈ లోపాలు ముందే తెలుసు, తెలియనివాళ్లు తాళం కొనుక్కున్న అమాయకులే అన్నాడు. ఆ తరువాత తయారీదారులు తాళాలను మెరుగుపరచక తప్పలేదు. విద్యను దాచడం వల్ల భద్రత పెరగలేదు. బహిరంగంగా పరీక్షించడం వల్ల పెరిగింది.

మన దేశపు దారి

మన దేశంలో ఉత్తరాన అలీగఢ్, దక్షిణాన దిండిగల్ తాళాలకు పేరుపొందాయి. దిండిగల్ తాళానికి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. 1897లో అర్దేషిర్ గోద్రెజ్ బొంబాయిలో తాళాల తయారీ ప్రారంభించాడు. ఒకప్పుడు ఆయుధాలకు పదును, మెరుగు పెట్టిన సిక్లిగర్లలో అనేకులు కాలక్రమంలో తాళాలు, చెవుల పనిలోకి వచ్చారు. తయారీ కర్మాగారానికి చేరింది. తీయడం, బాగుచేయడం, మారుచెవి చేయడం వీధిలో మిగిలాయి.

ఆ వీధి విద్యను తక్కువగా చూడకండి. మామూలు తలుపు తాళంలో చిన్న చిన్న పిన్నులు ఉంటాయి. సరైన చెవి పెట్టినప్పుడే అవన్నీ ఒక గీతకు వచ్చి లోపలి గొట్టం తిరుగుతుంది. చెవి పోయినప్పుడు పనివాడు కోయని చెవిని లోపల పెట్టి, దానిమీద పడిన సన్నని గుర్తులను చదివి, ఆకురాయితో కొద్దికొద్దిగా రాస్తాడు. మిల్లీమీటరులో పదోవంతు తేడా వచ్చినా తాళం తిరగదు. ఇది ఐటీఐ ఫిట్టరు రెండేళ్లు నేర్చుకునే కొలతల విద్యే. దీనిపైన ఇనప్పెట్టెలు, 1990ల నుంచి కారు చెవుల్లో వచ్చిన చిప్పులు, ఎలక్ట్రానిక్ తాళాలు చేరాయి. పాత చేతికి కొత్త చదువు కావలసి వచ్చింది.

నమ్మకానికీ ఒక ఏర్పాటు కావాలి. బ్రిటన్‌లో ఈ వృత్తివారు 1958లో సంఘంగా ఏర్పడి తమ ప్రమాణాలు తామే పెట్టుకున్నారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో వేలిముద్రలు పరిశీలించి ప్రభుత్వమే లైసెన్సు ఇస్తుంది. దారులు వేరైనా సూత్రం ఒకటే. విద్యను బహిరంగంగా నేర్పాలి, నేర్చుకున్నవాడి పేరు బహిరంగంగా నమోదు కావాలి.

ముగింపు

బిర్సానగర్‌లో పదో తరగతి పూర్తిచేసిన ఒక కుర్రవాడు ఈ వృత్తిలోకి రాదలిస్తే, ఊరి చరిత్రే అతనికి దారి చూపుతుంది. ముందు ఫిట్టరు శిక్షణలో ఆకురాయి, కొలత నేర్చుకోవాలి. తరువాత అనుభవం ఉన్న తాళాలతని పక్కన కూర్చుని చేతికి ఒడుపు తెచ్చుకోవాలి. ఆ పైన ఒక పుస్తకం పెట్టుకోవాలి. ఎవరి తలుపు తీశాడు, ఏ రోజు తీశాడు, ఆ ఇల్లు వారిదేనని ఏం చూసి నిర్ధారించుకున్నాడు, అన్నీ అందులో రాయాలి. రాజుగారి అర చేసిన గామేన్‌కు నైపుణ్యం తక్కువేమీ కాదు. తాళం తీసేవాణ్ణి మనం ఇంట్లోకి రానిచ్చేది అతని చేతిని చూసి మాత్రమే కాదు. దొంగతాళం అనే మాట మారుతాళంగా మారేది ఆ పుస్తకంలోనే.