కాపడమూ కర్కటమూ

2003వ సంవత్సరపు మాట. మా అత్తిలిలో, మా వీధి చివర ఇంట్లో ఉండే ఒక పెద్దావిడను నేను అక్కయ్యగారూ అని పిలిచేవాణ్ణి. గర్భాశయ ముఖద్వారంలో పుట్టిన క్యాన్సర్‌కు రేడియేషన్ చేయించుకొని వచ్చి, రెండు సంక్రాంతులు సుఖంగా గడిపారు. మూడవ ఏట వ్యాధి అక్కడే మళ్ళీ తలయెత్తింది. ఒకసారి కిరణాలు పెట్టిన చోట మళ్ళీ పూర్తి మోతాదులో పెట్టడానికి వీలుండదని వైద్యులు చెప్పారట. ఒకనాటి సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆమె అడిగారు: "మాస్టారూ, నడుము పట్టేస్తే ఉప్పుమూట కాపడం పెడితే వదులుతుంది గదా. దీనికి కాపడమంటూ లేదా?"

నేను నవ్వి మాట మార్చాను. ఆ నవ్వు ఎంత అజ్ఞానంతో కూడినదో తరువాత చదువుకొన్నప్పుడు తెలిసింది. ఆ తెలిసినదే ఇక్కడ వ్రాస్తున్నాను.

అగ్నిని ఔషధంగా భావించడం మనకు కొత్త కాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో అగ్నికర్మకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. క్షారకర్మ కంటె అగ్నికర్మ మేలని చెబుతూ ఆచార్యుడు చూపిన ముఖ్య కారణం, దహింపబడిన రోగం మళ్ళీ పుట్టకపోవడం. అపునర్భవం అన్న ఆ భావన దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అక్కయ్యగారి బాధంతా పునర్భవాన్ని గురించినదే కదా! అయితే ఇక్కడ పొరబడరాదు. సుశ్రుతుడు చెప్పినది కాల్చిన శలాకతో వాత పెట్టడం. నేటి వైద్యులు చేసేది కణితిని సుమారు 41 నుంచి 43 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి, గంటసేపు అక్కడ నిలపడం. ఇది దహనం కాదు. మన పరిభాషలో స్వేదనానికి దగ్గర.

పశ్చిమ దేశాల్లో ఈ ఆలోచనకు దారితీసింది జ్వరం. 1866లో జర్మనీ వైద్యుడు బుష్, ముఖం మీద కణితి ఉన్న ఒక రోగికి సర్పి వంటి చర్మవ్యాధితో తీవ్రజ్వరం వచ్చి, ఆ కణితి కరిగిపోయిన ఉదంతాన్ని ప్రకటించాడు. 1890 దశకంలో న్యూయార్కులో విలియం కోలీ సూక్ష్మజీవుల విషాలను ఎక్కించి కావాలనే జ్వరం తెప్పించాడు. 1898లో స్వీడన్‌కు చెందిన స్త్రీవైద్యుడు వెస్టర్‌మార్క్, శస్త్రచికిత్సకు లొంగని గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కే, లోహపు గొట్టంలో వేడినీరు ప్రవహింపజేసి చికిత్స చేశాడు. అక్షరాలా కాపడమే! అక్కయ్యగారి ప్రశ్నకు నూరేళ్ళకు పైబడిన పూర్వచరిత్ర ఉన్నదన్నమాట.

మరి ఎందుకు మరుగున పడింది? అదే 1898 చివర క్యూరీ దంపతులు రేడియం కనుగొన్నారు. కొద్దికాలానికే ఈ వ్యాధికి రేడియం ప్రధాన చికిత్స అయింది. పైగా శరీరం లోతుల్లోకి వేడిని పంపే సాధనమూ, పంపిన వేడిని కొలిచే సాధనమూ ఆనాడు లేవు. ఉప్పుమూట వేడి చర్మం దాటి కటి లోపలికి చేరదు. రక్తం ఆ వేడిని ఎప్పటికప్పుడు తోడేస్తుంది.

ఇక మందుల కథ. అత్తిలిలో రైలెక్కితే కాసేపట్లో వచ్చే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని ఇక్కడ స్మరించకుండా ఉండలేను. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే మందులను తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో బాలల రక్తక్యాన్సర్‌ను తాత్కాలికంగా అణచినట్లు బోస్టన్‌లో ఫార్బర్ 1948లో ప్రకటించాడు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్‌తో 1956లో, మావి కణాల నుంచి పుట్టే కోరియోకార్సినోమా స్త్రీలలో నయమైంది. మందుతో నయమైన తొలి ఘన కణితి అదే అంటారు. ముఖద్వార క్యాన్సర్‌లో వేడితో జతకట్టిన మందు మాత్రం వేరు. 1965లో బార్నెట్ రోజెన్‌బర్గ్, ప్లాటినం తీగల మధ్య సూక్ష్మజీవుల మీద విద్యుత్తు ప్రభావాన్ని పరీక్షిస్తూ అనుకోకుండా బయటపెట్టిన సిస్‌ప్లాటిన్ అది.

రెంటినీ జోడించడంలో ఒక యుక్తి ఉంది. కిరణాలు తగిలిన చోట రక్తనాళాలు దెబ్బతిని, మందు సరిగా చేరదు. వేడి రక్తప్రసరణను పెంచుతుంది. కణంలోకి సిస్‌ప్లాటిన్‌ను ఎక్కువగా పోనిస్తుంది. మందు చేసిన గాయాన్ని కణం మరమ్మత్తు చేసుకోనివ్వదు. ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు నడుము చుట్టూ యాంటెన్నాలు అమర్చి, రేడియో తరంగాలతో కటిభాగాన్ని వేడిచేస్తూ, వారానికొకసారి సిస్‌ప్లాటిన్ ఇచ్చారు. 1997లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, కిరణచికిత్స పొందిన చోటనే వ్యాధి తిరగబెట్టిన 23 మంది స్త్రీలలో సుమారు సగం మందికి కణితి తగ్గింది. 2007లో ప్రకటించిన 47 మంది విషయంలోనూ ఇంచుమించు అదే పాలు.

ఇవి చిన్న పరిశీలనలు. వేడి లేకుండా మందు మాత్రమే ఇచ్చిన మరో వర్గాన్ని పక్కన పెట్టి పోల్చినవి కావు. అదే నెదర్లాండ్స్‌లో, ముదిరినదైనా తొలిసారి చికిత్స పొందుతున్న ముఖద్వార క్యాన్సర్‌కు కిరణాలతో వేడిని జోడిస్తే మూడేళ్ళు జీవించినవారు నూటికి 27 నుంచి 51కి పెరిగారని 2000లో తేలింది. కాని 2005లో వెలువడిన వేరొక అంతర్జాతీయ పరీక్షలో, 110 మందిలో, అట్టి ప్రయోజనమేదీ కానరాలేదు. పండితులు భిన్నాభిప్రాయులుగా ఉన్నచోట మనబోటివారు ఉత్సాహపడరాదు. తిరగబెట్టిన వ్యాధికి 2014 తరువాత బెవాసిజుమాబ్, 2021 తరువాత పెంబ్రోలిజుమాబ్ మందులతో కలిసి వచ్చాయి. ఉష్ణచికిత్స కొన్ని దేశాలలో, కొన్ని కేంద్రాలలో మాత్రమే నిలిచింది. వేడితో క్యాన్సర్ మాన్పుతామని ఇంటి దగ్గరే ఆవిరి పెట్టేవారికీ దీనికీ సంబంధం లేదని మాత్రం గట్టిగా చెప్పగలను.

అక్కయ్యగారు అడిగేనాటికి ఆమ్‌స్టర్‌డామ్ వ్యాసం వెలువడి ఆరేళ్ళు. ఉందండీ, కాని ఉప్పుమూటతో కాదు, మనకు అందేచోట లేదు, అని చెప్పవలసింది. ఆమె ఆ మాటకు ఏమనేవారో గాని, నా నవ్వుకు మాత్రం ఏమీ అనలేదు. చెంగు సర్దుకొని లేచి లోపలికి వెళ్ళారు. ఆ ఏడు దాళ్వా నాట్లు పూర్తికాకముందే పోయారు.