తరగతి గది నుండి శాంతి సౌధమునకు

తరగతిలో ఇచ్చిన అభ్యాసము మార్కులతో ముగియుట పరిపాటి. కాని 2019లో పసిఫిక్ దీవులలో కొందరు న్యాయశాస్త్ర విద్యార్థులు చేపట్టిన అభ్యాసమొకటి ఆరేండ్లలో ప్రపంచ న్యాయస్థానపు గడప దాటెను. ఆ వృత్తాంతమును శ్రోతలకు నివేదింపగోరుచున్నాము.

వనువాటు 80కి పైగా దీవులుగల చిన్న దేశము. జనసంఖ్య సుమారు 3 లక్షలు. 1980లో స్వాతంత్ర్యము పొందువరకు దీనిని బ్రిటను, ఫ్రాన్సు ఉమ్మడిగా పాలించినవి. దీని రాజధాని పోర్ట్ విలాలో దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయపు న్యాయకళాశాల ఉన్నది. పెక్కు దీవిదేశముల ఉమ్మడి సొత్తయిన ఈ విశ్వవిద్యాలయము 1968లో ఫిజీలో వెలసినది. ఫిజీ మనకు పరాయి పేరు కాదు. గత శతాబ్దారంభమున తెలుగు కూలీలు చెరకుతోటల పనికి ఓడలెక్కి పోయిన దేశమది.

శీతోష్ణస్థితి మార్పును చట్టముతో ఎదుర్కొను మార్గమేది? ఈ ప్రశ్నకు 27 మంది విద్యార్థులు సమాధానము వెదకిరి. వారికిది పుస్తకములలోని సమస్య కాదు. 2015లో పామ్ తుపాను వనువాటును నేలమట్టము చేసినది. ఉబికివచ్చు సముద్రము తమ ఊళ్ల తీరములను కోయుచుండుట వారెరిగినదే. హేగ్ నగరమందలి అంతర్జాతీయ న్యాయస్థానపు సలహాభిప్రాయమును కోరుటయే తగిన మార్గమని వారు నిశ్చయించిరి.

అయితే ఆ న్యాయస్థానము తలుపు విద్యార్థులు తట్టినంత మాత్రమున తెరచుకొనదు. ఏ ఒక్క దేశము కోరినను చాలదు. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ వంటి సంస్థ అడుగవలెను. 2011లో పలావు అను దీవిదేశము ఇదే ప్రయత్నము తలపెట్టగా అది ముందుకు సాగలేదు. విద్యార్థులు ఈ సంగతి నెరిగియు వెనుదీయలేదు. ఒక సంఘముగా ఏర్పడి దీవుల ప్రభుత్వములకు లేఖలు వ్రాసిరి. సాలమన్ దీవులకు చెందిన సాలమన్ యో, సింథియా హౌనియుహి వారిలో ముందు నిలిచిరి. వనువాటు విదేశాంగ మంత్రి రాల్ఫ్ రెగెన్వాను వారి మాట ఆలకించెను. కాని అదే యేడు దీవిదేశాధినేతల సభ ఆ ప్రతిపాదనను గమనించితిమని మాత్రమే పలికినది.

వారి నాయకత్వమునకు అసలు పరీక్ష అప్పుడే వచ్చినది. ఆపై కోవిడ్ వలన రాకపోకలు నిలిచినవి. అయినను వారు తోటి యువజనులకు విషయమును బోధించుచు, ఇతర ఖండముల విద్యార్థులను కలుపుకొనుచు పోయిరి. ఏ దేశమును ముద్దాయిగా నిలుపలేదు. భూమిని కాపాడుటకు రాజ్యముల బాధ్యత లెవ్వి, వానిని మీరిన ఫలితమేమి అనియే అడిగిరి. 2021లో వనువాటు ప్రభుత్వము ఈ భారమును తలకెత్తుకొనెను.

2023 మార్చి మొదటివారములో జూడీ, కెవిన్ అను రెండు తుపానులు వెంటవెంటనే వనువాటుపై పడినవి. అదే నెల 29న సర్వప్రతినిధి సభ 132 దేశముల ప్రతిపాదనతో, ఓటింగు లేకయే తీర్మానము నంగీకరించెను. 2024 డిసెంబరులో న్యాయస్థానపు నిలయమైన శాంతి సౌధమందు రెండు వారములు వాదములు సాగినవి. 96 దేశములు, 11 అంతర్జాతీయ సంస్థలు పాల్గొనినవి. తొలినాడే హౌనియుహి న్యాయమూర్తుల యెదుట నిలిచి మాటాడెను.

2025 జూలై 23న న్యాయస్థానము ఏకగ్రీవముగా అభిప్రాయము వెలువరించినది. శీతోష్ణస్థితిని కాపాడుట రాజ్యములకు చట్టబద్ధమైన విధి; విధిని మీరుట అంతర్జాతీయ దోషము కాగలదు; నష్టపరిహారమును ఇవ్వవలసి రావచ్చును. ఇది దాని సారము.

సలహాభిప్రాయము ఎవరినీ కట్టివేయు తీర్పు కాదు. అది తుపాను నాపదు, మునిగిన తీరమును తిరిగి తేదు. అయినను ఇకమీదట ఏ దేశపు న్యాయస్థానమందైనను చిన్నవాడు పెద్దవాని నిలువరించి ప్రశ్నించుటకు ఆధారమొకటి దొరికినది. చదివిన చదువు తన ఇంటి వాకిలిని కాపాడునా యని ఆ యువకులు అడిగిరి. మన విద్యార్థులును పుస్తకము మూయుటకు ముందు ఒక్కమారు ఆ ప్రశ్న వేసికొందురు గాక యని మా ఆకాంక్ష.