ఖాళీ కుర్చీ

కార్మికసంఘాలు ప్రభుత్వ నియామకాలను బలపరచటం వట్టి పైరవీ అని కొందరు మిత్రులంటారు. నేనంగీకరించను. అమెరికా చరిత్ర చూడండి.

అక్కడి కేంద్రప్రభుత్వోద్యోగుల సంఘహక్కుల కోసం 1978 చట్టం ఫెడరల్ లేబర్ రిలేషన్స్ అథారిటీని నెలకొల్పింది. ముగ్గురు సభ్యులనూ, జనరల్ కౌన్సెల్‌నూ అధ్యక్షుడు ప్రతిపాదించాలి, సెనేట్ ఆమోదించాలి. 1981లో సమ్మెచేసిన విమానరాకపోకల నియంత్రణోద్యోగుల సంఘానికి గుర్తింపు రద్దుచేసిందీ ఈ సంస్థే. చట్టమే సమ్మెను నిషేధించింది. కనుక దానిపై నాకు భ్రమలు లేవు.

అయినా, అధికారుల అక్రమాలపై అక్కడ అభియోగం దాఖలుచేసే అధికారం జనరల్ కౌన్సెల్‌ది మాత్రమే. 2017 నవంబరు నుంచి 2021 మార్చి దాకా ఆ కుర్చీ ఖాళీ. చట్టంలో అక్షరం మారలేదు. అభియోగాలు మాత్రం ఆగిపోయాయి. ఉద్యోగుల ఫిర్యాదులు పేరుకుపోయాయి.

హక్కును చంపటానికి రద్దు శాసనమే అక్కరలేదు. నియామకం ఆపితే చాలు. అందుకే, చట్టం సాధించిన సంఘం దాన్ని అమలుజరిపే మనిషి కోసమూ పోరాడాలి.