నషా మాన్పించేవాళ్ళకు తాలీమ్ ఏది?

మన ఇళ్ళల్లో ఎవరైనా శరాబుకో సేంధీకో అలవాటు పడితే ముందు ఇజ్జత్ గుర్తొస్తుంది, ఇలాజ్ తర్వాత. ఈ ఆదత్ మనకు కొత్త కాదు, దీని వెనక తారీఖ్ ఉంది.

మూడో నిజాం సికిందర్ జా పేరు మీద 1806లో సికింద్రాబాద్ ఛావనీ ఏర్పడింది. తాగి దొరికిన సిపాయికి సజా పడేది. 1888లో లార్డ్ రాబర్ట్స్ హిందుస్తాన్‌లోని ఫౌజు కోసం ఆర్మీ టెంపరెన్స్ అసోసియేషన్ పెట్టించాడు. తాగనని సిపాయిల చేత కసమ్ చేయించేవారు. నియ్యత్ మంచిదే. కానీ నషా ఒక బీమారీ అని తెలిసి ఇలాజ్ చేసేవాళ్ళు లేరు.

తర్వాతి హుకూమత్‌లు దుకాణాలనే చూశాయి. దూబగుంట ఔరత్‌ల పోరాటంతో 1993లో సారా ఆగింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో పోయింది. జంటనగరాల్లో కల్లు దుకాణాలు 2004లో మూశారు, 2014లో తెరిచారు.

2015లో తెలంగాణ జిల్లాల్లో కల్తీ కల్లును అడ్డుకున్నప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆ కల్లులో క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలమ్ లాంటి మందులు కలుపుతారు. అవి ఒక్కసారిగా ఆగేసరికి జనం వణుకుతూ, ఫిట్స్‌తో, పిచ్చి మాటలతో ఎర్రగడ్డ దవాఖానాకు చేరారు. ఇలాంటిది ఇంట్లో జరిగితే మనం 'అసర్' అనుకుంటాం. దవాఖానాకు వెళ్ళేసరికి ఆలస్యం అవుతుంది, జాన్ పోవచ్చు.

దీన్ని వెంటనే గుర్తుపట్టేది తాలీమ్ ఉన్న కార్యకర్త. భర్తను శరాబుకు పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో ఇలాజ్ సంస్థ పెట్టారు. ఆ సంస్థ ఇతర కేంద్రాల కార్యకర్తలకు కూడా తర్ఫీదు ఇస్తూ వచ్చింది. బెంగళూరు నిమ్‌హాన్స్ వీడియోలో దూరపు కౌన్సెలర్లను కూర్చోబెట్టి, వాళ్ళ కేసుల మీదే మషవరా నడుపుతోంది. ఎప్పుడు డాక్టర్ దగ్గరికి పంపాలి, షర్మిందా చేయకుండా ఎలా మాట్లాడాలి, మానినవాడు మళ్ళీ తాగితే ఏం చేయాలి అన్నవి నేర్చుకుంటేనే వస్తాయి.

నేర్పి వదిలేస్తే చాలదు. రోజూ పరాయి దుఃఖం వినేవాళ్ళు అలసిపోతారు. వాళ్ళల్లో కొందరు ఒకప్పుడు తాగి మానినవాళ్ళే. వాళ్ళకూ హాల్ అడిగే ఉస్తాద్ కావాలి, ఆరామ్ కావాలి, సరైన తన్ఖా కావాలి.

శరాబ్ హరామ్ అన్న హుకుమ్ కూడా ఒక్క రోజులో రాలేదు, దర్జా దర్జాగా వచ్చింది. అందులో మనిషి కమ్‌జోరీ పట్ల రహమ్ ఉంది. మన మొహల్లాల్లో హరామ్ అని చెప్పేవాళ్ళకు కొదవ లేదు. పక్కన కూర్చుని మాన్పించడం నేర్చుకున్నవాళ్ళు ఎందరు? మన బిడ్డల్లో ఒకరినైనా ఆ తాలీమ్‌కు పంపుదాం.