రెండు భాషల దేశంలో చదువు

ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, ఉద్యోగం కోసం ఇంగ్లీషు. ఈ అవస్థ గురించి మన సభ్యుల కుటుంబాలకు ఒకరు చెప్పనక్కరలేదు. పిల్లవాణ్ణి ఏ మాధ్యమంలో చేర్పించాలన్న తర్జనభర్జన ప్రతి జూన్ నెలలోనూ మన ఇళ్లలో జరిగేదే. అందుచేత, ఐరోపా ఖండపు ఉత్తరపు కొసన ఉన్న ఫిన్లాండు దేశం ఇలాంటి చిక్కునే ఏ విధంగా విప్పుకున్నదో ఈ సంచికలో పాఠకుల ముందు ఉంచదలచినాము.

ఆ దేశ జనాభా సుమారు 56 లక్షలు. అందులో స్వీడిష్ మాతృభాషగా గలవారు నూటికి ఐదుగురే. అయినప్పటికీ ఫిన్నిష్, స్వీడిష్ రెండూ జాతీయ భాషలే. ఇది కొద్దిమంది మీద దయతలచి ఇచ్చిన హక్కు అనుకుంటే పొరపాటు. చరిత్ర తిరగేస్తే కథ తలక్రిందులుగా కనిపిస్తుంది. ఒకప్పుడు చోటు కోసం పోరాడవలసి వచ్చినది నూటికి ఎనభై అయిదుకు పైగా జనం మాట్లాడే ఫిన్నిష్ భాషే!

సుమారు 600 సంవత్సరాలు ఆ దేశం స్వీడన్ ఏలుబడిలో ఉండేది. కచేరీ, కోర్టు, పెద్ద చదువు ఏవీ ఫిన్నిష్‌లో లేవు. మతగ్రంథం చదవడం మాత్రం చర్చి నేర్పించేది. 1686 నాటి చర్చి చట్టం వచ్చాక, చదవడం రానివారికి పెళ్లి కూడా కష్టమయ్యేది. ఆ విధంగా చదవగలవారు చాలామంది తయారయ్యారు గాని రాయగలవారు తక్కువ. 1809లో దేశం రష్యా జారు చేతికి వచ్చింది. స్నెల్మన్ అనే దార్శనికుడు పట్టుబట్టగా, 1863లో జారు రెండవ అలెగ్జాండరు ఒక ఫర్మానా ఇచ్చాడు. ఇరవై ఏళ్లలో ఫిన్నిష్ భాషకు స్వీడిష్‌తో సమాన స్థానం కల్పించాలని దాని సారాంశం.

ఫర్మానా కాగితం మీద రావడం తేలిక. చెప్పే పంతులేడీ? సరిగ్గా ఆ 1863లోనే యువాస్కులా పట్టణంలో ఊనో సిగ్నేయుస్ అనే విద్యావేత్త ఫిన్నిష్ మాధ్యమంలో ఉపాధ్యాయ శిక్షణాలయం తెరిచాడు. ఆడవారికి కూడా అందులో శిక్షణ ఇచ్చారు. 1866 ప్రజాపాఠశాలల శాసనంతో పల్లెబడులు మొదలయ్యాయి. అందులో చేతిపని తప్పనిసరి పాఠం. చదువుకున్నవాడు రంపం, బాడిస పట్టుకోవడం నామోషీ కాదని సిగ్నేయుస్ నమ్మకం. మా దృష్టిలో జారు ఫర్మానా కంటే ఈ శిక్షణాలయమే పెద్ద సంగతి.

మరి బడి వయసు దాటిపోయిన వారి మాటేమిటి? డెన్మార్కులో గ్రుంట్విగ్ అనే పెద్దమనిషి రైతు యువకుల కోసం పరీక్షలు లేని ప్రజా ఉన్నత పాఠశాలలను ప్రచారం చేశాడు. ఆ పద్ధతిలో 1889లో ఫిన్లాండులో ఫిన్నిష్ బడి కంగసాలలోనూ, స్వీడిష్ బడి బొర్గోలోనూ ఒకే సంవత్సరంలో వెలిశాయి. 1899లో తంపెరె మిల్లు పట్టణంలో కార్మికుల విద్యాలయం వచ్చింది. పగలు మిల్లు, రాత్రి చదువు అన్నమాట.

1917లో స్వాతంత్ర్యం, 1919 రాజ్యాంగంలో రెండు భాషలకూ సమాన హోదా వచ్చాయి. అయితే ఇప్పుడు భయం స్వీడిష్ వారి వంతయింది. తమ భాషలో విశ్వవిద్యాలయం ఉండి తీరాలని చందాలు పోగుచేసి 1918లో ఓబో అకాడెమీ స్థాపించుకున్నారు. (అదే 1918లో మన హైదరాబాదులో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా వెలసింది.) హెల్సింకి విశ్వవిద్యాలయంలో ఏ భాష నడవాలన్న కొట్లాట 1937లో చట్టం చేసేవరకు చల్లారలేదు.

1921లో నిర్బంధ విద్య వచ్చింది. బడిలో ఉచిత భోజనానికి 1943లో చట్టం చేసి, 1948 నుంచి దేశమంతటా అమలు చేశారు. యుద్ధంలో చితికిపోయిన దేశం ఆ ఖర్చుకు వెనుదీయలేదు! అయినా పదకొండేళ్లకే పిల్లలను పెద్ద చదువుకు కొందరిని, పనికి కొందరిని వేరుచేసే పద్ధతి మిగిలింది. 1968 చట్టంతో దానిని తీసివేసి, అందరికీ ఒకే తొమ్మిదేళ్ల బడి పెట్టారు. 1972లో ఉత్తరపు చలి జిల్లాలతో మొదలై 1977కు రాజధాని చేరింది. మంచి పని వెనుకబడిన చోట మొదలు కావడం గమనించదగినది.

ఇప్పుడు నడిచే తీరు ఇది. పిల్లవాడు తన మాతృభాషలోనే చదువుతాడు, రెండవ భాషను ఒక పాఠంగా నేర్చుకుంటాడు. ఒక మున్సిపాలిటీలో తక్కువవారు నూటికి 8 మంది గాని, లేదా 3,000 మంది గాని ఉంటే అది ద్విభాషా మున్సిపాలిటీ. అక్కడ రెండు భాషల్లోనూ బడులు నడపాలి. పాఠ్యప్రణాళిక మాత్రం ఒకటే, కాబట్టి తక్కువవారి బడి తక్కువరకం బడి కాదు. గొణుగుడు లేకపోలేదు. స్వీడిష్ మాకెందుకని ఫిన్నిష్ తల్లిదండ్రులు కొందరు నేటికీ అంటారు. ఉన్నత పాఠశాల చివరి పరీక్షలో అది 2005 నుంచి ఐచ్ఛికమైంది.

పెద్దల శిక్షణలో మాకు నచ్చినది 1994 నుంచి వచ్చిన పద్ధతి. వంటవాడో వడ్రంగో పనిని ఎక్కడ నేర్చాడని అడగరు. పని చేసి చూపిస్తే సర్టిఫికెట్ ఇస్తారు. 2018లో కుర్రవాళ్లకూ ఇదే వర్తింపజేశారు. చదువు కోసం సెలవు పెట్టిన ఉద్యోగులకు ఇచ్చే భత్యాన్ని మాత్రం 2024లో రద్దు చేశారు. అక్కడా ఖజానా ఖజానాయే.

మరో ముచ్చట చెప్పి విరమిస్తాము. వోల్గా ప్రాంతం నుంచి బట్టలు, ఉన్ని తోళ్లు అమ్ముకుంటూ 19వ శతాబ్దం చివర ఫిన్లాండు చేరిన తాతారు ముస్లింలు కొన్ని వందలమంది అక్కడ స్థిరపడ్డారు. 1925లో వారి జమాతు రిజిస్టరయింది. తమ భాష కోసం 1948లో హెల్సింకిలో సొంత ప్రాథమిక బడి పెట్టుకున్నారు. నూటికి ఐదుగురున్న స్వీడిష్ వారి బడికి చట్టం అండగా ఉంది, వీరి బడికి ఆ అండ లేదు. పిల్లలు తగ్గిపోయి 1969లో అది మూతపడింది. అటు తర్వాత తాతారు భాషను జమాతు తరగతుల్లో, వేసవి శిబిరాల్లో పెద్దలే పిల్లలకు చెప్పుకుంటూ వస్తున్నారు.