ఆగగలిగినవాడిదే ధర

సత్రపట్టి వీధుల్లో తెల్లవారకముందే మరమగ్గాలు మోగుతాయి. రాజపాళయం పక్కనున్న ఈ ఊరు నేసేది చీరలు కాదు, పంచెలు కాదు. గాయానికి కట్టే గుడ్డ నేస్తుంది. ఎక్కడెక్కడి ఆసుపత్రులకో వెళ్లే గాజుగుడ్డ, బ్యాండేజీ గుడ్డ ఇక్కడి మగ్గాల మీద పుట్టినవే. చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో మాట తెలుగు, గడప దాటితే తమిళం. ఎండలు ముదిరితే మిద్దెల మీద మిరపకాయలు ఎర్రగా పరుచుకుంటాయి. ఏడాదికి సరిపడా సాంబారు పొడి కొట్టించుకోవాలి మరి.

ఆ కాయ చాలావరకు విరుదునగర్ బజారు నుంచి వస్తుంది. అందులో సాత్తూరు సాంబా ఉంటుంది, గుండ్రటి రామనాథపురం కాయ ఉంటుంది, గుంటూరు పేరు మీద దిగే ఆంధ్ర, తెలంగాణ కాయ కూడా ఉంటుంది. పంట విరగపండిన ఏడాది, కాయలు తిరగేస్తూ ఆడవాళ్లు ఒకరినొకరు అడిగే ప్రశ్న ఒకటే: "కాయ ధర పడిపోయిందంటున్నారే, మరి కారం పొట్లం ధర దిగదేం?"

దీనికి జవాబు మిద్దె మీద దొరకదు. రోడ్డు దారిన వెయ్యి కిలోమీటర్లకు పైగా ఉత్తరాన, ఖమ్మం మిర్చి యార్డులో, తొమ్మిది గంటల పగటి ఎండలో ఉంది.

2017 ఏప్రిల్ 28, శుక్రవారం

రాత్రంతా ట్రాక్టర్లు, ఆటోలు, లారీలు వస్తూనే ఉన్నాయి. లక్షకు పైచిలుకు బస్తాలు. షెడ్లు నిండాయి, ఆరుబయలు నిండింది, నడవడానికి దారి లేదు. రైతులు తమ బస్తాల మీదే తువ్వాలు పరుచుకుని పడుకున్నారు. ఘాటుకు ముక్కు మండుతుంటే ఆ తువ్వాలే ముఖానికి కట్టుకున్నారు. పొద్దుగూకులూ దగ్గు, తుమ్ము.

తెల్లారాక ఖరీదుదారు వస్తాడు. బస్తా మూతి విప్పించి, మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి గుప్పెడు కాయలు తీస్తాడు. ఒక కాయను చెవి దగ్గర ఆడిస్తాడు. గింజ గలగలమంటే ఎండిందని లెక్క. రెండో కాయను వేళ్ల మధ్య వంచుతాడు. టప్పున విరిగితే సరే, తోలులా వంగితే తేమ ఉందంటాడు. మిగిలినవి అరచేతిలో పరిచి రంగు చూస్తాడు, తెల్లబడిన తాలు కాయలు ఏరి పక్కన పడేస్తాడు. అరనిమిషం పని. ఆరేడు నెలల సేద్యం మీద ఆ అరనిమిషంలో తీర్పు వచ్చేస్తుంది.

తర్వాత జెండా పాట. యార్డులో మేలైన రాశికి ఆ పూట పలికే ధర అది. పేపర్లో అచ్చయ్యేది ఆ ధరే, ఊళ్లో రైతు బండి కట్టేది అది విన్నాకే. కానీ జెండా పాట ఏ ఒకటి రెండు రాశులకో దక్కుతుంది. మిగతా అందరికీ అక్కడి నుంచి కిందికి లెక్క.

అంతకు ముందు ఏడాది క్వింటా 12 వేల చుట్టూ పలికిన కాయ అది. ఆ శుక్రవారం చాలామందికి చెప్పిన ధర మూడు వేల దరిదాపుల్లో ఉంది.

"ఏరిన కూలి కూడా రాదు గదయ్యా!"

ఈ మాట యార్డులో ఏ మూల నుంచి లేచిందో ఎవరూ చెప్పలేరు. అన్ని మూలల నుంచీ లేచే ఉంటుంది. కాసేపటికి కాంటాలు ఆగిపోయాయి, కేకలు పెరిగాయి. రైతులు మార్కెట్ కమిటీ కార్యాలయం మీద పడ్డారు. బల్లలు, కుర్చీలు, కాంటాలు విరిగాయి. మధ్యాహ్నానికి ఖమ్మం యార్డు రాష్ట్రమంతటా వార్త అయింది.

ధరే విత్తనమైంది

ఆ రోజు పేలిన మందును ఏడాది ముందే కూరారు. 2016లో మిర్చికి మంచి ధర వచ్చింది. అదే ఏడు పత్తి తగ్గించండని తెలంగాణ ప్రభుత్వం రైతులకు చెప్పింది. పత్తి మానిన వాళ్లలో కొందరు కందికి, కొందరు మిర్చికి మళ్లారు. అటు ఆంధ్రలోనూ మిరప తోటలు పెరిగాయి. ప్రతి రైతూ నిరుటి ధర చూసి నారు పోశాడు, పక్క రైతు కూడా అదే చూసి పోస్తున్నాడని అతనికి చెప్పినవాడు లేడు. నిరుటి ధరే ఈ ఏటి విత్తనమైంది, అది విరగకాసింది.

మిరపకు మరో చిక్కుంది. వంద కిలోల పండు మిరప కోస్తే కల్లంలో ఎండి చేతికొచ్చేది 25 నుంచి 35 కిలోలు. పండు ఒక్కసారి కోస్తే అయిపోదు, విడతలు విడతలుగా ఏరాలి. ఏరేది కూలీల చేతులే. ధర పడినా ఆ కూలి పడదు. చేలో ఉన్నది ఏరాలంటే ముందు అప్పు చెయ్యాలి, ఏరినది అమ్మితే ఆ అప్పు తీరాలి. అందుకే రైతు యార్డుకు వచ్చేసరికి అమ్మడం తప్ప వేరే దారి ఉండదు.

అవతల కొనేవాడికి దారి ఉంది. దాని పేరు కోల్డ్ స్టోరేజీ. ఎండు మిరప మామూలు గోదాములో పడి ఉంటే వేడికి, వెలుతురుకు రంగు వెలిసిపోతుంది, పురుగు పడుతుంది. చల్లటి గదిలో నెలల తరబడి రంగు నిలుస్తుంది. యార్డులో ఆ సరుకును 'ఏసీ మిర్చి' అంటారు, ధర వేరేగా చెబుతారు. పంట విరగపండిన ఏడు ఆ గదులు ముందే నిండిపోతాయి. గదిలో చోటు ఉన్నవాడు మంచి ధర కోసం చూస్తాడు. చోటు లేనివాడు ఆ పూటే అమ్ముకుని ఇంటికి పోతాడు.

కాయ నుంచి కారం దాకా

పొట్లం ధర ఎందుకు దిగదో ఇక్కడ తెలుస్తుంది. యార్డులో కొన్న కాయ వెంటనే కారం కాదు. ముందు తొడిమలు తీయాలి. ఆ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. గుట్టల ముందు కూర్చుని రోజంతా తీస్తే రాత్రి చన్నీళ్లలో ముంచినా వేళ్లు మండుతూనే ఉంటాయి. తొడిమ తీసిన కొద్దీ బరువు తగ్గుతుంది. తర్వాత శుభ్రం చేయడం, మళ్లీ ఆరబెట్టడం, దంచడం. పొడిలో తేమ 11 శాతం మించకూడదని ఆహార ప్రమాణాలు చెబుతున్నాయి. నీరు పోయిందంటే తూకమూ పోయినట్టే.

ఆపైన పరీక్షలు. తడి కల్లంలో ఎండిన కాయకు బూజు పడితే అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది. ఐరోపాకు వెళ్లే మిరపలో అది మొత్తం మీద కిలోకు 10 మైక్రోగ్రాములు దాటకూడదు, దాటితే సరుకును రానివ్వరు. 2003లో ఇండియా నుంచి వెళ్లిన కారంలో సుడాన్ అనే పరిశ్రమల రంగు కలిసిందని ఫ్రాన్స్‌లో పట్టుబడింది. 2005లో బ్రిటన్‌లో ఆ రంగు ఒక సాస్ ద్వారా వందల రకాల ఆహారాల్లోకి పాకిందని తేలి అన్నింటినీ దుకాణాల నుంచి వెనక్కి తీశారు. అప్పటి నుంచి విదేశీ కొనుగోలుదారుకు పరీక్ష కాగితం లేని కారం కారమే కాదు. ఎవరో కలిపిన రంగుకు ఖర్చు అందరి పొట్లాల మీదా పడింది.

ఖమ్మం కాయ ఎక్కువగా తేజ రకం. మంట ఎక్కువ, అందుకే దాని నుంచి ఓలియోరెజిన్ అనే చిక్కటి సారం తీస్తారు. కేరళలో ఆ ఫ్యాక్టరీలు పెద్దవి. బ్యాడగి కాయకు మంట తక్కువ, రంగు ఎక్కువ, దాని గిరాకీ వేరు. అంటే ఫ్యాక్టరీ కొనేది కాయను కాదు, కాయలోని మంటను, రంగును. మన రైతుకు మాత్రం ఇప్పటికీ తూకం బస్తాకే, తీర్పు అరచేతిలోనే.

గిడ్డంగి, తొడిమ కూలి, కరెంటు, పరీక్ష, ప్యాకింగ్, రవాణా. ఇవేవీ కాయతో పాటు చవక కావు. పొట్లం ధరలో కాయ ఒక భాగం మాత్రమే. రైతు నష్టం అక్కడి దాకా రాకుండా దారిలోనే ఇంకిపోతుంది.

చేతులకు సంకెళ్లు

ఖమ్మం గొడవ తర్వాత, 2017 మే 3న కేంద్రం కదిలింది. క్వింటా 5,000 రూపాయలకు, ఖర్చుల కింద మరో 1,250 కలిపి, తెలంగాణలో 33,700 టన్నులు, ఆంధ్రప్రదేశ్‌లో 88,300 టన్నులు కొంటామని ప్రకటించింది. గడువు మే నెలాఖరు. అప్పటికే బస్తా అమ్మేసుకున్న రైతుకు ఆ ప్రకటన పేపర్లో వార్త, అంతే.

మే 11, గురువారం. యార్డు కేసులో అరెస్టయిన పది మంది రైతులను ఖమ్మం కోర్టుకు తెచ్చారు. చేతులకు బేడీలు వేసి తెచ్చారు. ఫొటోలు మర్నాటి పేపర్లలో వచ్చాయి. ఖైదీలకు ఇష్టం వచ్చినట్టు సంకెళ్లు వేయకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. రాష్ట్రమంతా దుమారం రేగింది, ఇద్దరు పోలీసు అధికారులు సస్పెండయ్యారు. ఆ ఫొటో చూసినప్పుడల్లా నా కళ్లు ముఖాల మీద కాక చేతుల మీదే ఆగుతాయి. మిరప నారు నాటిన చేతులు, పండు ఏరిన చేతులు అవి.

మళ్లీ మళ్లీ

2021 చివర నల్ల తామర పురుగు తోటల పూత మీద పడింది. వేల ఎకరాలు ఎండిపోయాయి. మరుసటి ఏడాది వేసవిలో వరంగల్ ఎనుమాముల యార్డులో దేశీ మిర్చి క్వింటా 50 వేలు దాటింది. ధర ఉంది, చాలామంది చేతిలో పంట లేదు. ఆ ధర చూసి మళ్లీ నాట్లు వేశారు. 2025 ఫిబ్రవరికి గుంటూరులో ధర కూలింది, కేంద్రం మళ్లీ జోక్యం చేసుకుని క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేసింది. ఎనిమిదేళ్లలో అంకెలు మారాయి, వరస మారలేదు. పంట అమ్మకానికి వచ్చాక సాయం వచ్చింది, నారు పోసేటప్పుడు లెక్క చెప్పినవాడు రాలేదు.

ఈ చిక్కు విప్పలేనిది కాదు. ఏ మండలంలో ఎంత మిరప వేస్తున్నారో నాట్లకు ముందే ఊరూరా చెప్పాలి. రైతు పేరు మీద శీతల గదిలో చోటు ఉండాలి, అక్కడ పెట్టిన సరుకు మీద అప్పు పుట్టాలి. మంటకు, రంగుకు యార్డులోనే పరీక్ష జరగాలి. ఈ మూడూ కలిస్తే రైతుకు ఒక్కటి దొరుకుతుంది, అది ఆగడానికి వ్యవధి. ధర ఎవరు ఎక్కువ కష్టపడ్డారని చూడదు, ఎవరు ఎక్కువ రోజులు ఆగగలరని చూస్తుంది.

సత్రపట్టిలో ఈ మాట ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మిల్లు నుంచి నూలు తెచ్చుకుని, గజాల లెక్కన కూలికి నేసే కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. నూలు ధర పెరిగితే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగిన రోజు కూలి లేదు. గుడ్డను దాచుకుని మంచి ధర వచ్చాక అమ్ముకునే వీలు వాళ్లకీ లేదు.

మధ్యాహ్నం మగ్గం ఆపి భోజనానికి వచ్చిన మనిషి కంచంలో సాంబారు పోసుకుంటాడు. మిద్దె మీద ఆరిన కాయలను ఇల్లాలు బుట్టకెత్తుతోంది, ఒక్క కాయ కూడా వదలకుండా వంగి ఏరుతోంది. ఈ కాయను మొదట ఏరిన చెయ్యికి ఎంత దక్కిందో ఆమె అడిగితే, ఎంతని చెప్పాలి?